సాక్షి సంతకం

మెట్టుగడ్డ దాటినంక
నీళ్ల ట్యాంకు కింద ఒక రేకుల గది.
వార్డు ఆఫీసు పాత బీరువాలు ఇండ్లనే ఉండేటివి.
బీరువాలను జరిపి, బల్లులను జరపలేక
అట్లనే పిల్లలకిచ్చిన్రు.

గది మున్సిపాలిటీది.
ఫ్యాను బియ్యం మిల్లోళ్లది,
మూడు రెక్కల మీద మూడుసార్లు వాళ్ల నాయిన పేరు.
తిరిగేటప్పుడు మాత్రం ఎవ్వరి పేరూ కనపడది.
గుగ్గిళ్లు మహిళా సంఘం అక్కలవి.
నా జీతం, జీతం అనొద్దన్నరు, గౌరవ వేతనం అనాలె,
హైదరాబాదు సంస్థది. వచ్చిన నెల వస్తది.
చాపలు ఎవరివో ఎక్కడా రాసుకోలే.

వంద రూపాయల బాండు పేపరు మీద
మొదటి పక్షం, రెండో పక్షం, మూడో పక్షం.
నేను సంతకం పెట్టిన కాడ ఏ పక్షమూ లేదు,
సాక్షి అని ఉంది.

సాక్షిగనే చెప్తున్న.

నాలుగున్నరకు
ముందుగాల చెప్పుల చప్పుడొస్తది, ఎనుకంగ పిల్లలు.
సాదిక్ గోర్లల్ల పంక్చరు సొల్యూషను.
నవనీత చంకల చెల్లె. చెల్లె పేరు రిజిస్టర్ల లేదు,
వయసు నిండలే. అయినా రెండో ఎక్కం చదువుతుంటే
ప్రతి లైనుకూ ఊఁ కొడతది.
కిషన్ నాయక్ వాళ్ల అమ్మానాయిన పుణెల స్లాబులు పోస్తున్నరు.
గోడమీది మ్యాపుకు స్కేలు పెట్టి కొలిచిండొకనాడు,
ఐదు సెంటీమీటర్లకు ఒక గీత తక్కువ.
"గింతేనా మేడం" అన్నడు.
మిగిలిన లెక్క నేను చెప్పలే.

ప్రారంభం నాడు కట్టిన ఫ్లెక్సీ మీద
నవ్వుతున్న పిల్లలు మా పిల్లలు కారు.
జుట్టు ఎర్రగ, బుగ్గలు ఎర్రగ, ఏ దేశమోళ్లో.
వానకాలం రేకులు కారుతుంటే
ఆ ఫ్లెక్సీనే మీద కప్పినం.
ముసురు పట్టిన తొమ్మిది దినాలూ
వాళ్లు తడిసిన్రు, మావోళ్లు తడవలే.

ఒకరోజు డిక్టేషన్ల
భాగస్వామ్యం అని చెప్పిన.
పదకొండు మంది వ ఒత్తు మరిచిపోయిన్రు.
ఒక్కలు 'బాగా సామాను' అని రాసిన్రు.
అర్థం ఎవరు చెప్తరంటే
తబస్సుం లేచి నిలబడ్డది:
"మా అమ్మీ, పక్కింటి పెద్దమ్మ
ఒకటే గ్యాసు బండ మీద ఒండుకుంటరు మేడం.
ఎప్పుడు అయిపోతదో ఇద్దరికీ తెల్వది.
అమ్మీ దినాం ఊపి చూస్తది."
బోర్డు మీద రాసుకొచ్చిన అర్థం
కొంగుతోనే తుడిచేసిన.

మార్చి ముప్పై ఒకటికి బాండు పేపరు గడువు అయిపోయింది.
కమిషనరు సారు మారిన్రు.
మూడో పక్షం సమీక్షించుకుంటున్నదట.
మిల్లోళ్లు ఫోనెత్తుతలేరు.
అక్కలు మాత్రం, గది సంగతి మాకు తెల్వదు,
శనగలైతే నానబెట్టినమన్నరు.
తాళంచెవి ఇచ్చి రసీదు తీసుకున్న.
ఫ్యాను లోపలనే ఉండిపోయింది, మ్యాపు కూడా.
చాపలు ఎవరివో రాసిలేవు గనుక
బయటకొచ్చినయి.

ఇప్పుడు ఒంటిపూట బడులు.
పగటీలికే ఇడిసిపెడతరు, ఇంటికాడ ఎవ్వరుండరు,
అయినా నాలుగున్నరకే వస్తరు.
ఎండ పాలమూరు ఎండ.
ట్యాంకు నీడ తూర్పు దిక్కుకు పడతది,
అది జరిగినకొద్దీ మేం చాపలు జరుపుకుంటం.
లీకయ్యే పైపు కింద సాదిక్ బకెట్ పెట్టిండు,
తాగనీకె కాదు, మొహాలు కడుక్కోనీకె.
కిషన్ నేలమీద సుద్దముక్కతో
మ్యాపు గీసిండు. గీసినోడు గీసినట్టే
పుణెను పాలమూరు పక్కకే తెచ్చి పెట్టిండు.
తప్పని ఎట్ల దిద్దాలె?

ఆరున్నరకు నీడ గల్లీ అంతా అయితది.
రిజిస్టరు లోపల పడ్డది గనుక
పేర్లు నోటితోనే పిలుస్తున్న.
నిన్న ఇరవై మూడు. ఇయ్యాల ఇరవై ఒకటి.
దినాం ఊపి చూస్తున్న.